శస్త్రశాలలో వైరస్ నివారణము – బిలాసపురపు అనుభవము

(ఉపన్యాస పాఠము)



నాటకములు, పద్యపఠనము, సంక్రాంతి ముగ్గుల పోటీలు జరుగు ఈ వేదికపై ఆపరేషన్ థియేటరును గూర్చిన ప్రసంగమేమని సభాసదులకు తోచుట సహజము. కాని మన కుటుంబములలో పిత్తాశయమున రాళ్లు పడినవారు, అపెండిక్సు తీయించుకొన్నవారు, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్న ఆడపడుచులు లేని యిల్లు కనబడుట అరుదు. నేడీ చికిత్సలలో పెక్కు పొట్టను కోయకయే, అర అంగుళము పాటి రంధ్రములగుండ జరుగుచున్నవి. దీనినే ల్యాప్రోస్కోపీ యందురు. జనవ్యవహారమున కీహోల్ ఆపరేషన్. గాయము చిన్నది, నొప్పి తక్కువ, మూడవనాటికి ఇల్లు చేరవచ్చును. ఇంతవరకు అందరికిని తెలిసినదే. ఆ చిన్న రంధ్రముగుండ లోనికి పోవు పరికరముతో పాటు ఏమి పోవచ్చును, లోపలి వాయువుతో పాటు ఏమి వెలుపలికి రావచ్చును అను ప్రశ్నను మాత్రము రోగి గాని, రోగి బంధువులు గాని అడుగుట లేదు.

ఈ ప్రశ్నకు బిలాసపురము తగిన స్థలము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణమును పెంచినది. వాల్తేరు, ఖర్గపురము, బిలాసపురము ఒకే కంపెనీ గొడుగు క్రింద నుండుటచే కళింగాంధ్ర మండలముల నుండి ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, గుమాస్తాలు ఇచటికి వచ్చి స్థిరపడిరి. 1931లో రాయపూర్ – విజయనగరము మార్గము తెరవబడిన పిమ్మట రాకపోకలు మరింత సులువైనవి. 2003లో బిలాసపురము ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యస్థానమయ్యెను. రైల్వే కేంద్ర ఆసుపత్రి, ప్రభుత్వ వైద్యకళాశాలయగు సిమ్స్, పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు ఇచటనే కలవు. పట్టణము దాటి కొన్ని మైళ్లు పోయినచో గనియారిలో జన స్వాస్థ్య సహయోగ్ అను సంస్థ నడపు ఆసుపత్రి కలదు. ఢిల్లీలో చదివిన వైద్యులు కొందరు అడవిపల్లెల బీదలకొరకు దానిని నెలకొల్పిరి. ఇన్ని యుండియు, లోకమంతయు బిలాసపురము పేరును వినినది ఈ సౌకర్యముల వలన గాదు.

2014 నవంబరు 8వ తేదీన బిలాసపురము వెలుపల తఖత్‌పూర్ ప్రాంతమున, సకరీలో, వాడుకలో లేని యొక ప్రైవేటు ఆసుపత్రి భవనమున కుటుంబ నియంత్రణ శిబిరము జరిగినది. ఒకే శస్త్రవైద్యుడు కొన్ని గంటలలో 83 మంది స్త్రీలకు ల్యాప్రోస్కోపీ పద్ధతిని శస్త్రచికిత్సలు చేసెను. రెండు దినముల పిమ్మట గౌరెల్లా, పెండ్రా, మర్వాహి వైపున మరికొన్ని శిబిరములు జరిగినవి. వాంతులతో, రక్తపోటు పడిపోయి, స్త్రీలు ఒకరివెనుక నొకరు సిమ్స్‌కును, జిల్లా ఆసుపత్రికిని, అపోలోకును చేరిరి. పదముగ్గురు మరణించిరి. వారిలో పెక్కురు ముప్పది యేండ్లు నిండనివారు, పాలు త్రాగు బిడ్డల తల్లులు.

మరణకారణమును గూర్చి వాదము చెలరేగినది. శవపరీక్ష చేసిన వైద్యులు రక్తమున విషక్రిమి వ్యాపించిన చిహ్నములను చూపిరి. రాష్ట్రప్రభుత్వ పక్షమువారు శిబిరమున ఇచ్చిన మాత్రలలో ఎలుకలమందులో వాడు జింకు ఫాస్ఫైడు కలసెననిరి. న్యాయవిచారణ సంఘమును నియమించిరి. విషయము సుప్రీంకోర్టులో అంతకుముందే నడచుచుండిన దేవికా బిశ్వాస్ వ్యాజ్యమున చేరినది. 2016 సెప్టెంబరు 14న న్యాయస్థానము తీర్పు చెప్పుచు, మూడేండ్లలోపల ఇట్టి శిబిరములను మాన్పింపవలయుననియు, ఈ సేవలను స్థిరమైన ఆసుపత్రులలోనే జరుపవలయుననియు ప్రభుత్వములకు సూచించెను. మాత్రల సంగతి ఏదైనను కానిండు. మాత్రలు నిర్దోషములైనచో శిబిరము దోషి, మాత్రలు దోషములైనచో శిబిరము నిర్దోషి యని ఆనాడు కొందరు వాదించిన తీరు సచివాలయములలో ఫైళ్లు చూచినవారికి వింతగా తోచదు. తప్పును ఒకే బల్లపై పెట్టినచో మిగిలిన బల్లలు ఖాళీయగునను నమ్మకము పాతదే.

ఇచట వైద్యము తెలియనివాడైనను చేయదగిన లెక్క యొకటి కలదు. ల్యాప్రోస్కోపు అనునది సన్నని లోహపుగొట్టము. కొనయందు కటకము, వెనుక దీపపు వెలుగును తెచ్చు తీగ. పాతరకపు దుర్బిణులు ఆటోక్లేవు ఆవిరి వేడిమికి తాళవు. కావున ఒక రోగికిని మరియొక రోగికిని నడుమ దానిని కడిగి, నర్సులు సైడెక్సు అని పిలుచు 2 శాతపు గ్లుటరాల్డిహైడు ద్రావణమున 20 నిమిషములు పూర్తిగ మునుగునట్లుంచి, పిదప శుద్ధజలముతో కడుగవలయును. ఈ 20 నిమిషములు వైరసులను, మామూలు బాక్టీరియాను చంపుటకు మాత్రమే. గట్టి పెంకుగల బీజక్రిములు చచ్చుటకు ఎనిమిది పది గంటలు పట్టును. ఇప్పుడు లెక్క చూడుడు. ఒకే దుర్బిణితో 83 శస్త్రచికిత్సలు చేయదలచినచో, నానబెట్టుటకే 1660 నిమిషములు, అనగా 27 గంటల 40 నిమిషములు కావలయును. మూడు దుర్బిణులున్నవనుకొన్నను ఒక్కొక్కదాని వంతు 28. అప్పటికిని 560 నిమిషములు, తొమ్మిది గంటల ఇరువది నిమిషములు. కత్తి పట్టిన కాలము, కుట్టిన కాలము, మత్తు ఇచ్చిన కాలము ఇందు చేరలేదు. కేంద్రప్రభుత్వ నియమావళి మూడు దుర్బిణులు గల బృందమునకు దినమునకు 30 శస్త్రచికిత్సలకు మించి చేయరాదని చెప్పుచున్నది. ఒక్కొక్క దుర్బిణికి పది. అది ఏ గుమాస్తాయో కల్పించిన అంకె గాదు, ఆ ద్రావణపు పళ్లెమునుండి పుట్టిన అంకె.

ఇది ఛత్తీస్‌గఢ్ దోషమని మనవారు తేలికగ ఊపిరి పీల్చుకొనుటకు వీలులేదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము ప్రభుత్వాసుపత్రిలో 34 మంది స్త్రీలకు ఇదే విధమైన శస్త్రచికిత్స జరిగినది. నలుగురు మరణించిరి. మిగిలినవారిని హైదరాబాదు ఆసుపత్రులకు తరలించిరి. అచట విచారణలో తేలినది బాక్టీరియా సోకుడు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము ఆంధ్రప్రదేశమున వివాహితలగు స్త్రీలలో దాదాపు నూటికి డెబ్బదిమంది ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. దేశమున ఇంత హెచ్చు సంఖ్య మరెచ్చటను కనబడుట కష్టము. కావున ఈ పళ్లెపు లెక్క తెలుగు ఇండ్ల లెక్క గూడ.

రెండు ఘటనలలోను వెంటనే ప్రాణము తీసినది వైరస్ కాదు గదా యని ఎవరైనను అడుగవచ్చును. ఆక్షేపణ సరియైనదే. బాక్టీరియా మూడు దినములలో చంపును గనుక వార్తాపత్రికల కెక్కును. హెపటైటిస్–బి వైరస్ నెలలు గడచిన పిదప పచ్చకామెర్లుగా కనబడును. పెక్కు తరి కనబడక కాలేయమున దాగి యేండ్లకు బయటపడును. అప్పుడు ఏ శిబిరము, ఏ దుర్బిణి యని వెదకువారెవరు? రోగి గూడ మరచిపోయి యుండును. మార్గము మాత్రము ఒకటే: రక్తము, కణజాలము అంటుకొన్న పరికరము సరిగా శుద్ధి గాక మరియొక దేహమున దూరుట. హెపటైటిస్–బి ఎండిన రక్తపు చారలో ఏడు దినములైనను సజీవముగ నుండగలదు. హెచ్.ఐ.వి. అంత గట్టిది గాదు.

అందుచేత శుద్ధియందు మొదటి మెట్టు రసాయనము కాదు, నీరును బ్రష్షును. కీలుగల సన్నని పట్టుకారు లోపల, గొట్టపు మూలలలో గడ్డకట్టిన రక్తముండగా దానిని సైడెక్సులో ముంచినచో, ఆ ద్రావణము మాంసకృత్తును గట్టిపరచి రక్తమును అచటనే అతికించును. లోపలి క్రిమి కవచము తొడుగుకొన్నట్లగును. పరికరమును విడదీసి, ప్రతి కీలును తెరచి, బ్రష్షుతో తోమి, తుడిచి, ఆరిన పిదపనే ద్రావణమున నుంచవలయును. తడితో ముంచినచో ద్రావణము నీరెక్కి బలము తగ్గును. ఉత్తేజకము కలిపిన ద్రావణము సాధారణముగ పదునాలుగు దినములకు మించి పనికిరాదు. అంతలోపలనే బలము తగ్గినదేమో చూచుటకు రంగుమారు కాగితపు పట్టీలు దొరకును. వాని వెల స్వల్పము. వానిని కొనుటకు ఇండెంటు వ్రాయువాడు మాత్రము కావలయును. ఈ పనియంతయు ఎవరు చేయుచున్నారు? శస్త్రవైద్యుడు గాదు. థియేటరు నర్సు, ఆమె క్రింది ఆయా. సమావేశములలో ప్రసంగించువారు వేరు, పళ్లెము కడుగువారు వేరు.

ఇంతవరకు రోగినుండి రోగికి సోకు మార్గము. రెండవది రోగినుండి థియేటరులోనివారికి. పొట్టను తెరచి చేయు శస్త్రచికిత్సకంటె ల్యాప్రోస్కోపీలో రక్తము చిమ్ముట తక్కువ. వైద్యుని చేయి లోపల నుండదు గావున సూది గ్రుచ్చుకొను ప్రమాదమును తగ్గును. టీకా లేనివారికి హెపటైటిస్–బి గల రోగి రక్తపు సూది గ్రుచ్చుకొన్నచో నూటికి ఆరు మొదలు ముప్పదివరకు వ్యాధి సోకవచ్చునని అంచనా, హెచ్.ఐ.వి. విషయమున వేయింటికి మూడు. మొదటిదానికి మూడు మోతాదుల టీకా కలదు. రెండవదానికి 72 గంటల లోపల మందులు మొదలుపెట్టవలయును. వైద్యులు టీకా వేయించుకొందురు. గుడ్డలు ఉతుకువారిని, చెత్త మోయువారిని ఆ జాబితాలో చేర్చుట మరచుచుందురు.

కాని ల్యాప్రోస్కోపీకి స్వంతమైన ప్రమాదము ఒకటి కలదు. లోపల చూచుటకు చోటు కావలయును గనుక పొట్టను బొగ్గుపులుసు వాయువుతో, 12 నుండి 15 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడితో, బెలూనువలె ఉబ్బింతురు. ఆ మూసిన గదిలో కాటరీతో కణజాలమును కాల్చినపుడు పొగ పుట్టును. తెరచిన పొట్టలో ఆ పొగ ఎప్పటికప్పుడు చెదరిపోవును. ఇచట అది పోగుపడి, ఎవరైనను ట్రోకారు గొట్టపు బిరడా తిప్పినంతనే ప్రెషర్ కుక్కరు ఈల వేసినట్లు ఎదుటివాని ముఖమునకు తగులును. కెమెరా తెర మసకబారినపుడు బిరడా తిప్పి పొగ వదలుట థియేటర్లలో చిరకాలపు అలవాటు. ఎవరును దానిని తప్పుగ నెంచలేదు.

పొగలో వైరస్ ఉండునా? పులిపిరికాయలను లేజరుతో కాల్చునపుడు ఆ ఆవిరిలో పాపిల్లోమా వైరస్ డి.ఎన్.ఏ. కనబడినదని 1988లోనే ప్రకటించిరి. 1991లో నార్వేనుండి మరియొక వార్త వచ్చినది: లేజరుతో అట్టి చికిత్సలు చేయు వైద్యుని స్వరపేటికయందే ఆ వైరస్ పులిపిరులు పుట్టినవి. 2016లో కొరియా వైద్యులు హెపటైటిస్–బి గల పదునొకండుగురు రోగుల శస్త్రచికిత్సా ధూమమును సేకరించి పరీక్షింపగా పదుగురి ధూమమున ఆ వైరస్ జాడ దొరికినది. జాడ దొరకుట వేరు, అది సజీవమై మరియొకనికి సోకుట వేరు. రెండవది నిరూపింపబడలేదు. అయినను జాడ యుండుట చాలును, అలవాటును మార్చుకొనుటకు.

ఆ మార్పు వచ్చినది మాత్రము 2020లో. ఆ మార్చి నెలలో రైళ్లాగిపోయినవి. బిలాసపురమువంటి జంక్షను స్టేషనులో ప్రయాణికుల బండి కనబడక పోవుట అచటి వృద్ధులు గూడ ఎరుగనిది. రైల్వేశాఖ దేశమంతట ఐదువేలకు పైగా పెట్టెలను రోగులను వేరుగనుంచు గదులుగ మార్చినది. అత్యవసరము కాని శస్త్రచికిత్సలను వాయిదా వేయుడని కేంద్ర ఆరోగ్యశాఖ సూచించెను. మే నెలలో ఇరువదినాలుగు దేశముల 235 ఆసుపత్రులనుండి 1128 మంది రోగుల వివరములు వెలువడినవి: శస్త్రచికిత్సకు ముందో వెనుకనో కోవిడ్ సోకినవారిలో ముప్పది దినములలోపల మరణించినవారు నూటికి 23.8. ల్యాప్రోస్కోపీయే మానవలయునా యను ప్రశ్న అపుడు వచ్చెను. ఇంగ్లండు శస్త్రవైద్య సంస్థలు తొలుత వెనుకంజ వేసినవి. అమెరికా, ఐరోపా ల్యాప్రోస్కోపీ సంఘములు మార్చి చివర, మానవలదు గాని పొగను వడపోయుడని చెప్పినవి. తెరచి చేసినచో రోగి ఆసుపత్రిలో మరికొన్ని దినము లుండవలసివచ్చును. ఆ దినములును ప్రమాదమే. రెండవ అభిప్రాయమే నిలిచినది. తరువాతి పరిశోధనలు కోవిడ్ విషయమున పొగభయము తొలుత తలచినంత లేదనియు, గొంతున గొట్టము వేయు సమయమే హెచ్చు ప్రమాదకరమనియు సూచించినవి.

ఆనాటి సూచనలు నేటికిని విలువగలవి. ట్రోకారు పట్టునంత మాత్రమే గాటు పెట్టి ప్రక్కలనుండి వాయువు కారనీయకుండుట. వాయువు ఒత్తిడిని పని జరుగునంతవరకు తగ్గించుట. కాటరీని తక్కువ శక్తితో, తక్కువసేపు వాడుట. బిరడాను ఎన్నడును గాలిలోనికి తిప్పక, వడపోత గల గొట్టముగుండ పీల్చుట. పిత్తాశయమును వెలుపలికి తీయుటకు ముందే, ట్రోకారులు లాగుటకు ముందే లోని వాయువునంతయు అట్లే తీసివేయుట. చివరిదానిని తొందరలో మరచెదరు. శస్త్రచికిత్స ముగిసినదన్న సంతోషమున గొట్టములు లాగినంతనే ఉబ్బిన పొట్ట నిట్టూర్చినట్లు లీటర్లకొలది వాయువును గదిలోనికి వదలును.

వడపోతను గూర్చి ఒక భ్రమ కలదు. కరోనా వైరస్ మైక్రానులో పదియవ వంతు. ఎన్–95 మాస్కు 0.3 మైక్రాను రేణువులలో నూటికి 95 ఆపునందురు. మరి అంతకంటె చిన్నది జారిపోదా? జల్లెడతో పిండి జల్లించు అలవాటు వలన పుట్టిన సందేహమిది. మిక్కిలి చిన్న రేణువులు గాలి అణువుల తాకుడుచే అటునిటు తూలుచు పీచుపోగులకు అంటుకొనును, దాదాపు 0.3 మైక్రాను పరిమాణమే పట్టుటకు కష్టమైనది. అందుకే దానితో పరీక్షింతురు. పొగ పీల్చు యంత్రములలోని అల్పా వడపోతలు ఇంకను సూక్ష్మమైన వానిని గూడ లక్షకు ఒకటి తప్ప పోనీయవు. ఆ యంత్రములు ఖరీదైనవి. చిన్న ఆసుపత్రుల వైద్యులు 2020లో ఒక ఉపాయము చేసిరి: కృత్రిమశ్వాస యంత్రములకు అమర్చు చిన్న వైరస్ వడపోతను ట్రోకారు గొట్టమునకు తగిలించి, అందుండి సక్షనుకు కలిపిరి. మరికొందరు వాయువును బ్లీచింగు జాతి ద్రావణమున బుడగలుగా పోనిచ్చిరి. గ్రామీణ శస్త్రవైద్యులు కొందరు అంతకుముందునుండియే అసలు వాయువే లేకుండ, పొట్టగోడను లోపలినుండి కడ్డీతో పైకెత్తి పనిచేయు పద్ధతిని అభివృద్ధి చేయుచుండిరి. వెన్నులో మత్తుతోనే జరుగును గనుక గొంతున గొట్టముతో పనిలేదు. దారిద్ర్యము కనిపెట్టిన ఉపాయము ఆపత్కాలమున అందరి కంటను పడినది.

గాలి సంగతి మరియొక చిక్కు. ఆపరేషన్ థియేటరులో గాలి ఒత్తిడిని వరండాకంటె కొంచెము హెచ్చుగ నుంచుట శాస్త్రము. తలుపు తీసినపుడు దుమ్ము లోనికి రాకుండుటకు. అది రోగికి మేలు. రోగియందే ఊపిరి వైరస్ ఉన్నచో ఆ గాలియే వరండాలోని వారిపైకి నెట్టబడును. ఒక తలుపునకు రెండు ధర్మములు పొసగవు. వీలున్నచోట అట్టి రోగులకు వేరు గదియు, వెలుపలికి గాలి లాగు పంకాయు ఏర్పరచిరి. లేనిచోట తలుపు తెరచుటను, లోపలి మనుష్యుల సంఖ్యను తగ్గించి, ఒక శస్త్రచికిత్సకు మరియొకదానికి నడుమ గాలి మారువరకు ఆగిరి.

ఆగుట. మొత్తము విషయమున ఖరీదు గలది ఇదియే. తఖత్‌పూర్ శిబిరమున కొరవడినది యంత్రము గాదు, నిమిషములు. ఆ నిమిషములు ఎవరి చేతిలో నున్నవి? లక్ష్యసంఖ్యను పై కార్యాలయమునుండి పంపు అధికారికి ద్రావణపు పళ్లెము కనబడదు. శస్త్రవైద్యుడు చేయి చాచి దుర్బిణిని అడుగును. పళ్లెము ప్రక్కన నిలిచిన ఆయా "ఇంకను ఎనిమిది నిమిషములున్నవండి, అయ్యగారూ" అని చెప్పగలుగవలయును; చెప్పినపుడు ఎదురుగ నిలిచినవాడు ఆగవలయును. కొన్ని థియేటర్లలో ఇందులకు గోడ గడియారము క్రింద ఒక రిజిష్టరు నుంచిరి: పరికరము సంఖ్య, ద్రావణమున దించిన వేళ, తీసిన వేళ, ద్రావణము కలిపిన తేదీ, కాగితపు పట్టీ రంగు, దించినవారి సంతకము. రోగి పేరు ఎదుట దుర్బిణి సంఖ్యయు వ్రాయుదురు. రేపు ఎవరికైనను కామెర్లు వచ్చినచో అంతకుముందు అదే దుర్బిణి ఎవరికి వాడిరో ఐదు నిమిషములలో తెలియును. ఆ రిజిష్టరులో వేళలన్నియు సరిగ్గా ఇరువది నిమిషముల వ్యత్యాసముతో, ఒకే సిరాతో, ఒకే దస్తూరితో ఉన్నచో తనిఖీకి వచ్చిన అధికారి సంతసింపక, దినము ముగిసిన పిదప ఒక్కసారి కూర్చుండి వ్రాసిరా యని అడుగవలయును. ఆ ప్రశ్న అడుగుటకు వైద్యశాస్త్రము చదివి యుండనక్కరలేదు.